నోరెండిపోతోందన్న మాట ఎవరికి చెప్పాలి

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నాలుక పిడచకట్టుకుపోవడం అందరికీ అనుభవమే. కుండలోని చల్లటి నీళ్లు రెండు గుక్కలు తాగితే అది తగ్గిపోతుంది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ డిజార్డర్, తీవ్రమైన కుంగుబాటు వంటి జబ్బులకు ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవారిలో చాలామందికి మాత్రం అది జనవరి చలిలోనూ ఉంటుంది, అర్ధరాత్రి నిద్రలోనూ ఉంటుంది, నీళ్లు తాగిన కాసేపటికే మళ్లీ వస్తుంది. రోగి ఆ మాట చెబితే ఇంట్లోవారు మందులు వేడి చేస్తున్నాయని సరిపెట్టుకుంటారు. ఓపీలో చెబితే నీళ్లు ఎక్కువగా తాగమన్న సలహా దొరుకుతుంది. నిద్ర, అనుమానాలు, కోపం, చెవిలో వినిపించే మాటలు ఇవన్నీ అడిగేసరికే సమయం అయిపోయే చోట నోరెండిపోవడం చిన్న విషయంగా కనబడటం సహజమే. కానీ నాలుగైదేళ్లలో ఒక్కొక్కటిగా పిప్పిపట్టి ఊడిపోయే పళ్ల కథ చాలాసార్లు ఆ చిన్న విషయం దగ్గరే మొదలవుతుంది. మందులు అవసరమే, వాటిని ఆపడం ప్రమాదమే. అయితే వాటితో వచ్చే ఈ నష్టాన్ని చాలావరకు ముందే ఆపవచ్చు, ఆపే బాధ్యత తనదని అనుకునేవారే ప్రస్తుతం లేరు.

నష్టం ఎంతటిదో అంతర్జాతీయ పరిశోధనలు చెబుతున్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ కైస్లీ బృందం వివిధ దేశాల్లో జరిగిన 25 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తీవ్ర మానసిక వ్యాధులున్నవారిలో నోట్లో ఒక్క పన్ను కూడా మిగలని స్థితికి చేరే అవకాశం మిగతా జనంతో పోలిస్తే దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. పిప్పిపట్టినవి, ఊడినవి, నింపించుకున్నవి కలిపి లెక్కిస్తే సగటున మనిషికి ఐదు పళ్ల తేడా కనిపించింది. మన దేశంలో 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనుల్లో 0.8 శాతం మంది ఆ సమయంలో తీవ్ర మానసిక వ్యాధితో ఉన్నారని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. అయినా అదే నిష్పత్తిని కోటి జనాభా ఉన్న మహానగరానికి స్థూలంగా అన్వయిస్తే, హైదరాబాద్‌లో ఇలాంటివారి సంఖ్య యాభై వేలకు తగ్గదని అంచనా వేసుకోవచ్చు.

లాలాజలం అంటే నోట్లో ఊరే నీరు మాత్రమేనని అనుకోవడం వల్లే దాని లోటు చిన్నదిగా కనిపిస్తుంది. ఆరోగ్యవంతుడి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే ఈ ద్రవం పళ్లను నిరంతరం కడుగుతుంది, ఆహారం తిన్నాక పుట్టే ఆమ్లాన్ని విరుస్తుంది, తనలోని కాల్షియం, ఫాస్ఫేట్లతో పంటి పైపొర కోల్పోయిన ఖనిజాన్ని తిరిగి పూడుస్తుంది, సూక్ష్మజీవులను అదుపులో పెడుతుంది. తీపి పదార్థం నోట్లో పడగానే పాచిలోని బ్యాక్టీరియా దానిని ఆమ్లంగా మారుస్తుంది. నోట్లో ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్, అంటే పంటి పైపొర, కరగడం మొదలవుతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది, అది కూడా లాలాజలం సరిపడా ఉన్నప్పుడే. లాలాజలం లేని నోట్లో ఆ ఆమ్లం పళ్ల మీద అలాగే నిలిచిపోతుంది. చిగుళ్లు కిందికి జారి వేరుభాగం బయటపడినవారిలో పరిస్థితి ఇంకా తొందరగా దిగజారుతుంది, ఎందుకంటే వేరుకు ఎనామిల్ రక్షణ ఉండదు, అది ఇంకా తక్కువ ఆమ్లానికే కరిగిపోతుంది. అందుకే ఇలాంటివారిలో పిప్పి మామూలుగా వచ్చే నమిలే గుంటల్లో కాకుండా చిగురు అంచున, పంటి మెడ చుట్టూ పడుతుంది. ఒకనాడు అన్నం నములుతుండగా పన్ను చిగురు దగ్గరే విరిగి చేతిలోకి వస్తుంది.

ఈ ఎండబెట్టే పని ఏ మందు చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఒక్కటి కాదు. లాలాజల గ్రంథులకు ఊరమని ఆజ్ఞ ఇచ్చేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. దాన్ని అడ్డుకునే గుణం అమిట్రిప్టిలిన్ వంటి పాత కుంగుబాటు మందుల్లో, క్లోర్‌ప్రోమజిన్‌లో, కొంతమేరకు ఓలాంజపిన్‌, క్వెటయాపిన్‌లలో ఉంటుంది. కానీ మన ఆస్పత్రుల చీటీల్లో ఎక్కువగా కనిపించే కారకం మరొకటి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటి మందులతో చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం రాకుండా ఉండేందుకు వాటికి జతగా ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర రాస్తారు. అది నేరుగా అసిటైల్‌కోలిన్‌నే అడ్డుకునే మందు కాబట్టి నోరు ఎండబెట్టడంలో బలంగా పనిచేస్తుంది. వణుకు వచ్చినవారికి అది నిజంగా ఉపశమనం. కాని వణుకు రాకముందే ముందుజాగ్రత్తగా మొదలుపెట్టి, ఆ తర్వాత దాన్ని ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేకుండా ఏళ్ల తరబడి చీటీ నుంచి చీటీకి ఎక్కించుకుంటూ పోవడం వేరే సంగతి. దీర్ఘకాలం అందరికీ ముందుజాగ్రత్తగా ఇవ్వడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1990లోనే ఏకాభిప్రాయ ప్రకటన ఇచ్చారు. కనుక నోరెండిపోతోందన్న రోగి మాట వైద్యుడికి ఒక పని గుర్తుచేయాలి: ఈ మాత్ర ఇంకా అవసరమా, మోతాదు తగ్గించవచ్చా అని చీటీని తిరగేసి చూడటం. ఈ నిర్ణయం వైద్యుడిది మాత్రమే. ఇంట్లో సొంతంగా ఏ మాత్ర ఆపినా జబ్బు తిరగబెట్టే ప్రమాదం పళ్ల నష్టం కంటే పెద్దది.

ఎండిన నోటికి మనిషి వెతుక్కునే ఉపాయమే రెండో దెబ్బ కొడుతుంది. దాహం తీరడానికి గంటకోసారి చక్కెర వేసిన చాయ్, కూల్‌డ్రింక్, పండ్ల రసం పేరుతో అమ్మే తీపి నీళ్లు, నోట్లో ఏదో ఒకటి ఊరుతూ ఉండాలని బుగ్గన పెట్టుకునే చాక్లెట్, చక్కెర పూసిన సోంపు ఇవన్నీ పళ్ల దృష్టితో చూస్తే నిప్పు మీద నెయ్యి. మనవాళ్లు నోరూరడానికి వాడే చింతపండు, నిమ్మ ఉప్పు బిళ్లలు, ఉసిరి ముక్కలు కూడా ఇక్కడ మేలు చేయవు, పులుపు నేరుగా ఆమ్లమే కాబట్టి. బైపోలార్ డిజార్డర్‌కు ఇచ్చే లిథియం వాడేవారికి మందు వల్లే దాహం, మూత్రం ఎక్కువ. ఓలాంజపిన్, క్లోజపిన్‌తో ఆకలి, తీపి మీద మోజు పెరుగుతాయి, బరువుతో పాటు చక్కెర జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. చక్కెర జబ్బు చిగుళ్లను దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న చిగుళ్లు రక్తంలో చక్కెరను అదుపులోకి రానివ్వవు. దీనికి పొగతాగడం, ఖైనీ, జర్దా తోడైతే చిగుళ్ల వ్యాధి ఇంకా ముదురుతుంది. పొగ తాగేవారిలో చిగుళ్ల రక్తస్రావం తక్కువగా కనిపించడం వల్ల లోపల జరుగుతున్న నష్టం బయటికి తెలియదు.

పళ్లు తోముకోకపోవడం గురించి కుటుంబాల్లో చాలా కఠినంగా మాట్లాడతారు. పొద్దున్నే పాచిమొహంతోనే టీ తాగుతాడనీ, బద్ధకమనీ, ఎన్నిసార్లు చెప్పినా వినడనీ నింద పడుతుంది. స్కిజోఫ్రీనియాలో ఏ పనికీ మనసు పూనుకోకపోవడం, మొదలుపెట్టిన పని కొనసాగించలేకపోవడం జబ్బు లక్షణాలే. అవి చెవిలో గొంతులు వినిపించడం లాంటి లక్షణాల కంటే మందులకు తక్కువగా లొంగుతాయి. రాత్రి వేసుకున్న మాత్ర మత్తు ఉదయం తొమ్మిది దాకా వదలని మనిషికి ఆరు గంటలకే లేచి బ్రష్ చేయలేదని తిట్టడంలో అర్థం లేదు. రాత్రి మాత్ర వేసుకునే ముందు బ్రష్ చేయించడమే ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే నిద్రలో లాలాజలం అందరికీ దాదాపు ఆగిపోతుంది, నోరెండబెట్టే మందులు వాడేవారికి ఇంకా తగ్గుతుంది. తోముకోవాలని గద్దించేకంటే పక్కన నిలబడి తామూ తోముకోవడం మేలని పునరావాస కేంద్రాల్లో పనిచేసేవారికి అనుభవంలో తెలిసిన విషయమే. బొగ్గు, ఇటుక పొడి, గరుకు పళ్లపొడులు మాత్రం ఎండిన నోట్లో వద్దు; అరిగిన ఎనామిల్‌ను తిరిగి పూడ్చే లాలాజలమే అక్కడ లేదు.

ఎండబెట్టే మందులే కాదు, నోట్లో నీరు అతిగా చేర్చే మందూ ఉంది. ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్‌తో చాలామందికి రాత్రి చొంగ కారి దిండు తడిసిపోతుంది, పెదవుల మూలలు పగులుతాయి, నిద్రలో పొలమారే ప్రమాదం ఉంటుంది. దాన్ని ఆపడానికి ఎండబెట్టే మందు ఇస్తే పగలు నోరెండిపోతుంది. అయితే క్లోజపిన్ విషయంలో దంత వైద్యుడికీ, ఇంట్లోవారికీ తెలిసి ఉండాల్సిన అసలు విషయం వేరు: ఈ మందు అరుదుగా తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష చేయించడానికి కారణం అదే. క్లోజపిన్ వాడే మనిషికి జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు వీటిలో ఏది వచ్చినా నోటిపూతకు జెల్ కొనుక్కొచ్చి రాయడం కాదు, అదే రోజు రక్త పరీక్ష చేయించాలి.

హాలోపెరిడాల్ వంటివి మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొందరికి దవడ పట్టేసి, నాలుక బయటికి తోసుకొచ్చి, మెడ పక్కకు తిరిగిపోతుంది. దీన్ని పంటి జబ్బనో, గాలి సోకిందనో అనుకుని తిరగాల్సిన పనిలేదు. ఇంజెక్షన్‌తో కాసేపట్లోనే తగ్గే మందు ప్రభావం ఇది. ఏళ్ల వాడకం తర్వాత వచ్చే టార్డివ్ డిస్కినీషియా అంత సులువుగా తగ్గదు: పెదవులు చప్పరించడం, దవడ నమిలినట్టు ఆడటం, నాలుక లోపలికీ బయటికీ ఆడటం రోగికి తెలియకుండానే సాగుతుంటాయి.

అసలు ప్రమాదం పంటి నొప్పి మాత్రల దగ్గర ఉంది. పన్ను పోటు వస్తే మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్ లేదా ఐబుప్రోఫెన్ కలిసిన మాత్ర కొనుక్కోవడం మన నగరంలో ఎంత మామూలో చెప్పనక్కరలేదు. లిథియం వాడేవారికి ఇది మామూలు విషయం కాదు. లిథియం రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటేనే మేలు చేస్తుంది. ఆ గీత దాటి పెరుగుతూ పోతే విషమవుతుంది. ఈ నొప్పి మాత్రలు మూత్రపిండాల ద్వారా లిథియం బయటికి పోవడాన్ని తగ్గించి రక్తంలో దాని స్థాయిని పెంచుతాయి. చిగుళ్ల ఇన్ఫెక్షన్‌కు తరచుగా రాసే మెట్రోనిడజోల్ కూడా కొందరిలో అదే పని చేస్తుంది. పైగా పన్ను పోటుతో తిండి, నీళ్లు తగ్గించిన మనిషికి ఎండాకాలం కూడా తోడైతే ఒంట్లో నీరు తగ్గి స్థాయి ఇంకా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మోతాదు మించకుండా వాడే పారాసిటమాల్ ఇలాంటివారికి మెరుగైన ప్రత్యామ్నాయం. బైపోలార్‌కు ఇచ్చే మరో మందు కార్బమజెపిన్ వాడేవారికి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు రాస్తే రక్తంలో కార్బమజెపిన్ స్థాయి పెరుగుతుంది. క్లోజపిన్‌తో సిప్రోఫ్లోక్సాసిన్ కూడా అలాంటిదే. బైపోలార్‌కే ఇచ్చే వాల్ప్రోయేట్ కొందరిలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది కాబట్టి పన్ను పీకే ముందు రక్త పరీక్ష చూసుకోవాలి. ఇవేవీ దంత వైద్యుడికి కొత్త విషయాలు కావు; రోగి ఏ మందు వాడుతున్నాడో తెలియకపోవడమే చిక్కు.

ఎందుకు తెలియదన్న దానికి జవాబు హైదరాబాద్ మాటతీరులోనే ఉంది. ఈ నగరంలో ఎర్రగడ్డ అన్న పేరు ఒక పేట పేరుగా కంటే ఎగతాళి మాటగానే ఎక్కువగా వినిపిస్తుంది. ఎవరైనా కాస్త వింతగా ప్రవర్తిస్తే ఎర్రగడ్డకు పంపాలనేస్తారు. అక్కడి మానసిక ఆరోగ్య ఆస్పత్రిలో నిజంగా వైద్యం పొందుతున్న మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో అనేవారు ఆలోచించరు. ఈ భయం వల్లే కుటుంబాలు ఈ మందులను నరాల మందులనీ, నిద్ర మాత్రలనీ చెబుతాయి. దంత వైద్యశాలలో ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే బీపీ మాత్ర చెప్పి మిగతావి దాచేస్తాయి. పెళ్లి కావలసిన ఆడపిల్ల అయితే దాపరికం ఇంకా ఎక్కువ. చెప్పిన తర్వాత ఎదురయ్యే చూపు మారుతుందన్న వారి భయం నిరాధారం కాదు కాబట్టి, నిజం చెప్పలేదని వారినే తప్పుపట్టడం న్యాయం కాదు. మందుల చీటీ చూపమని అందరినీ ఒకే మామూలు గొంతుతో, ఇతరులు వినకుండా అడిగే అలవాటు దంత వైద్యశాలలోనే మొదలవ్వాలి.

చెప్పినప్పుడు నమ్మకపోవడం మరో సమస్య. మానసిక రోగి అని తెలిసిన తర్వాత అతని పంటి నొప్పి కూడా భ్రమ కింద లెక్క తేలిపోతుంది. నొప్పిని మాటల్లో చెప్పలేని రోగి అన్నం మానేస్తాడు, బుగ్గ కొట్టుకుంటాడు, కోపంగా అరుస్తాడు, రాత్రంతా తిరుగుతాడు. జబ్బు తిరగబెట్టిందని మందు మోతాదు పెంచుతారు, లోపల చీము అలాగే ఉంటుంది. వైద్య చరిత్రలో దీనికి సరిగ్గా ఎదురైన పొరపాటూ జరిగింది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్ మానసిక ఆస్పత్రిలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు 1910ల చివర నుంచి, పిచ్చికి మూలం పళ్లలోని ఇన్ఫెక్షనేనని నమ్మి వందలాది రోగుల పళ్లు పీకించాడు; దానితో జబ్బులు నయం కాలేదు. ఆనాడు రోగి పళ్లలో పిచ్చిని వెతికారు, ఈనాడు రోగి పిచ్చి మాత్రమే చూసి పళ్లు చూడటం మానేశారు. రెండింటిలోనూ రోగి మాట వినకపోవడం ఒక్కటే.

నగరంలో సౌకర్యాలు లేవని చెప్పడానికి లేదు. ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య ఆస్పత్రి, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి, ఈ రెంటికీ చేరువగా మెట్రో ఎర్ర లైను స్టేషన్లు ఉన్నాయి. ఒకే రైలు ఎక్కి దిగితే చేరగల దూరం, తోడొచ్చే మనిషి ఒక రోజు కూలి వదులుకోవలసిన దూరం కూడా. నెలకోసారి మందుల కోసమే సగం రోజు పోగొట్టుకున్న తల్లి, కొడుకు పంటి కోసం మరో రోజు కేటాయించదు. పన్ను పూర్తిగా పాడై బుగ్గ వాచిన తర్వాతే వస్తుంది, అప్పుడు పీకడం తప్ప చేయడానికేమీ ఉండదు. మందుల రోజునే, అదే ఆవరణలో, వారానికి ఒకటి రెండుసార్లైనా దంత వైద్యుడు నోరు చూసే ఏర్పాటు ఉంటే ఈ ఖర్చు తగ్గుతుంది. 2018 నుంచి బస్తీల్లో నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ చూసే సిబ్బంది టార్చి వేసి నోట్లోకి చూడటం పెద్ద శిక్షణ కోరే పని కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, ఆరోగ్య సేవలన్నింటిలో మానసిక వ్యాధిగ్రస్తులను శారీరక వ్యాధిగ్రస్తులతో సమానంగా చూడాలంటోంది. పళ్లను దానిలో నుంచి మినహాయించే వాక్యమేదీ ఆ చట్టంలో లేదు. అదే చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, విషయం అర్థం చేసుకోగల రోగికి తన మానసిక వైద్యం గురించి తానే నిర్ణయించుకునే సామర్థ్యం ఉన్నట్టే. పంటి వైద్యంలోనూ అదే మర్యాద ఉండాలి కాబట్టి పన్ను పీకాలా, రూట్ కెనాల్ చేయాలా అన్నది పక్కనున్న అన్నగారితో కాకుండా కుర్చీలో కూర్చున్న మనిషితో మాట్లాడాలి.

ఇంట్లో చేయగలిగినవి ఖరీదైనవి కావు. కొంచెం కొంచెంగా తరచూ మామూలు నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్, చక్కెర పూత లేని సోంపు, టీలో చక్కెర తగ్గించి పూటకు పరిమితం చేయడం, ఆల్కహాల్ లేని పుక్కిలింత ద్రవం. ఫ్లోరైడ్ పేస్టు విషయంలో మాత్రం మన ప్రాంతంలో ఒక అపోహ తీరాలి: నల్గొండ గ్రామాల్లో పళ్లు పసుపు, గోధుమ రంగు చారలు కట్టినవారిని చూసిన కుటుంబాలు ఫ్లోరైడ్ అంటేనే భయపడతాయి. ఆ మచ్చలు చిన్నతనంలో పన్ను తయారయ్యే వయసులో, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినందువల్ల వచ్చినవి. పెద్దవారు 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకుని ఉమ్మేస్తే అలాంటివి రావు. తోముకున్నాక నోరు బాగా పుక్కిలించి కడిగేయకుండా ఉమ్మి వదిలేస్తే ఫ్లోరైడ్ పళ్ల మీద నిలుస్తుంది. ఈ అలవాటు మనవారికి కొత్త కానీ ఎండిన నోటికి చాలా మేలు చేస్తుంది. పిప్పి ఎక్కువగా ఉన్నవారికి దంత వైద్యుడు 5000 పీపీఎం పేస్టు రాయవచ్చు, మూడు నాలుగు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయవచ్చు. గార తీయిస్తే పళ్లు కదిలిపోతాయన్నది, పన్ను పీకితే చూపు పోతుందన్నది నిజాలు కావు.

పళ్లు పోయాక కట్టుడు పళ్లు పెట్టించుకోవచ్చు కదా అన్న ధీమా కూడా ఇక్కడ పూర్తిగా పనికిరాదు. కట్టుడు పళ్లు అంగిలికి అతుక్కుని నిలవడానికి మధ్యలో సన్నటి లాలాజలపు పొర కావాలి; అది లేని నోట్లో సెట్టు కదులుతుంది, రాపిడితో పుండ్లు పడతాయి, వాటి కింద బూజు ఇన్ఫెక్షన్ చేరుతుంది. నాలుక, దవడ అదుపు లేకుండా ఆడేవారికి కింది సెట్టు నిమిషం కూడా నిలవదు, దానితో అన్నం నమలలేక మెత్తటి, తీపి తిండికే పరిమితమవుతారు. అందుకే పూర్తిగా పాడైన నోట్లో కూడా కింది దవడలో గట్టిగా ఉన్న రెండు వేర్లనైనా వైద్యంచేసి దక్కించుకుని, వాటి మీద సెట్టు కూర్చేలా చూడటం దంత వైద్యుల పద్ధతి. ఆ రెండు వేర్లు దక్కాలంటే అవి పీకే దశకు రాకముందే రోగి కుర్చీలో కూర్చోవాలి.